బండి కట్టని వేసవి

మొయినాబాదు నుంచి పట్నం వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా ఇప్పుడు సంతానం కోసం మా దగ్గరికి రండి అనే బోర్డులు కనిపిస్తున్నాయి. ప్రతి బోర్డు మీదా నవ్వే పసివాడి బొమ్మ ఒకటి. వాటిని చూస్తే నాకు నవ్వొస్తుంది, తప్పుగా అనుకోకండి. నేను నర్సుగా చేరిన కాలంలో ఇదే రోడ్డు పక్కన మా దవాఖాన గోడ మీద ఎర్ర త్రికోణం ఉండేది. పిల్లలు ఇక చాలు, ఆపండి అని దాని అర్థం. సర్కారు నాకు జీతమిచ్చింది ఆపడానికే గాని పుట్టించడానికి కాదు. పిల్లల్లేని ఆడవాళ్లు ఆ గోడ వైపు చూడలేక వెనక తలుపు నుంచి వచ్చేవాళ్లు.

కొత్తగా పెళ్లయినవాళ్లు కొందరు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఏం తింటే కడుపు పండుతుందో చెప్పమంటారు. చిట్కా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఏ మందూ ఏ మాటా ఫలించని జంటలను కూడా నేను చూశాను, అది వాళ్ల తప్పు కాదు. అందుకని చిట్కా చెప్పను. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం జరిగిన ఏడాది నేను చూసిన ఒక్క జంట సంగతి చెబుతాను. అందులో మీకు పనికొచ్చేది ఉంటే ఏరుకోండి.

అప్పుడు మొయినాబాదులో మాది చిన్న దవాఖాన. నేను, ఒక కాంపౌండర్, రెండు గదులు, ఒక వరండా. కాంపౌండర్ సాబ్ నాకంటే బాగా పెద్దాయన, ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఎర్ర మిక్స్చరు కలుపుతూ ఊళ్లో అందరి యోగక్షేమాలూ విచారించేవాడు. డాక్టరుగారు చేవెళ్లలో ఉండి వారానికొక నాడు జీపులో వచ్చేవారు. ఆయన కోస్తా మనిషి. మర్యాద ఎక్కువ, మాట తక్కువ.

ఆ జంటది కనకమామిడి. పెళ్లయి చాలా ఏళ్లయినా కడుపు పండలేదు. భర్తకు కూరగాయల తోట, ఒక జత ఎడ్లు, ఒక బండి ఉండేవి. భార్య సన్నగా పుల్లలా ఉండేది. ఎప్పుడొచ్చినా అత్త వెంట వచ్చేది. మేం కోడలిని అడిగిన ప్రతి ప్రశ్నకూ అత్తే జవాబు చెప్పేది.

"నెల నెలా సరిగ్గ వస్తుందా, చెల్లె?" అని నేను అడిగితే, "ఒకపాలి రెండు నెలలకు, ఒకపాలి మూడు నెలలకు" అని అత్త అనేది.

"అన్నం మంచిగ తింటున్నవా?"

"తింటది. మా ఇంట్ల తిండికేం తక్కువ?"

ఆ పిల్ల నేల చూసేది. డాక్టరుగారు రెండు మూడు సార్లు పరీక్ష చేశారు. "గర్భాశయంలో లోపం ఏమీ కనపడటం లేదండీ నర్సుగారూ. రక్తం తక్కువగా ఉంది. టానిక్ ఇచ్చి పంపండి" అన్నారు. టానిక్ ఇచ్చాం, సూదులు వేశాం. ఏమీ జరగలేదు. రెండుసార్లు నెల తప్పినట్టయి, ఇంటిల్లిపాదీ సంబరపడ్డాక మళ్లీ మామూలైపోయింది. రెండోసారి ఆ పిల్ల వరండాలో స్తంభం పట్టుకుని ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ చెవిలో ఉంది.

ఉద్యమం మొదలయ్యే ముందు అత్త ఒకనాడు నాతో తేల్చి చెప్పేసింది, కోడలు వింటుండగానే. "వానలు పడెదాంక చూస్త నర్సమ్మ. అప్పటికి గూడ ఏం లేకుంటే ఆలూరుల మా తమ్ముని బిడ్డ ఉన్నది. దాన్ని జేస్త నా కొడుకుకు."

"ఇంట్ల భార్య ఉండంగ ఇంకో లగ్గం చేస్తె చట్టం ఒప్పుకోదు, అవ్వా."

"చట్టం నాకు మనుమన్నిస్తదా?"

ఆమె చెడ్డ మనిషి అనుకునేరు, కాదు. కోడలిని ఒక్కనాడు కొట్టలేదు, తిట్టలేదు. ఆమెకు ఒక్కడే కొడుకు. తన తర్వాత ఆ తోట, ఆ ఇల్లు ఏమవుతాయనే భయం ఆమెను తింటోంది. ఆ భయం మొత్తం తెచ్చి కోడలి నెత్తిన పెట్టింది. కోడలికి పుట్టింట్లో తండ్రి లేడు, అన్నలు పట్టించుకోరు. సవతి వస్తే ఆ పిల్ల ఆ ఇంట్లోనే జీతంలేని కూలీ అవుతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఆ ఏడాది వేసవి మీలో చాలామందికి తాతలు చెప్పిన కథ. నాకు అది ఉద్యోగం. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, పట్నంలో కర్ఫ్యూ అన్నారు. చేవెళ్ల నుంచి జీపు రావడం మానేసింది. డాక్టరుగారిని మన దగ్గర ఎవరూ ఏమీ అనలేదు గాని, ఆయన భార్య భయపడి సామాను సర్దేసింది. సెలవు పెట్టి వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. మా తమ్ముడేమో కాలేజీ వదిలి జై తెలంగాణ అంటూ ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు. నేనేమో ఆంధ్రా డాక్టరు ఎప్పుడొస్తారా అని రోడ్డు చూస్తున్నాను. ఎవరి వైపు ఉన్నానో నాకే తెలియని రోజులవి.

అట్లాంటి ఒక బందు నాడు, దవాఖాన ఖాళీగా ఉండగా, కనకమామిడి బండి వచ్చి ఆగింది. తోట బావి దగ్గర కళ్లు తిరిగి పడిపోయిందని భర్త భార్యను బండిలో వేసుకుని వచ్చాడు. అత్త తోట కాపలాకు ఉండిపోయింది. ఆ ఇద్దరూ కలిసి మా గడప తొక్కడం అదే మొదటిసారి. ఆయన మొహం కూడా నేను అప్పుడే చూశాను. ఇన్నేళ్ల వైద్యంలో మేం ఆ మగమనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

పిల్లను లోపల బల్ల మీద పడుకోబెట్టి, పంచదార నీళ్లు తాగించి అడిగాను. "పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఏం తినలే. ఒక్కపొద్దు."

"వారంల ఎన్నిసార్లుంటవ్?"

"సోమారం, శనారం. ఇంక అమాస నాడు. పోయినపాలి నెల నిలవకపాయె గద, అప్పటిసంది గురువారం గూడ."

అంటే ఒక్కో నెల కలిసిరానప్పుడల్లా ఇంకో ఉపవాసం చేరిందన్నమాట. మిగిలిన రోజుల్లో కూడా అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన జొన్నరవ్వ గటుక, తొక్కు పచ్చడి. తోటలో పండే కూరగాయ మంచిది ఒక్కటి కూడా ఇంట్లో వండరు, అన్నీ పట్నానికే. ఒంట్లో సత్తువ లేనప్పుడు నెలసరి మాత్రం ఎక్కడ సరిగ్గా వస్తుంది?

భర్తను కూడా అడగాలి. కాని ఆ రోజుల్లో నేను, పెళ్లికాని నర్సును, మగవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ ప్రశ్నలు అడిగితే ఆయన తిరిగి దవాఖాన మొహం చూసేవాడు కాదు. అందుకని వరండాకూ గదికీ మధ్య పరదా వేశాను. నేను లోపలి నుంచి అడుగుతాను, కాంపౌండర్ సాబ్ బయట ఆయనను అడుగుతాడు. అదీ ఏర్పాటు. తీరా చూస్తే కాంపౌండర్ సాబ్‌కు నాకంటే సిగ్గెక్కువ.

"రాత్రిపూట ఎక్కడ పండుకుంటడో అడుగుండ్రి" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏమయ్యా, నిద్ర మంచిగ పడుతదా?"

"మస్తు పడుతది సాబ్. బండి మీదనే పండుకుంట. ఎడ్లకు తొవ్వ ఎరికే."

అట్లా నెమ్మదిగా బయటికొచ్చింది సంగతి. పొద్దు వాలుతుండగా కూరగాయలు వేసుకుని బండి కడతాడు. ఊళ్లోని బండ్లన్నీ వరసగా రాత్రంతా నడిచి తెల్లవారేసరికి పట్నం మార్కెట్టుకు చేరతాయి. అమ్ముకుని, ఎడ్లను మేపి, తిరిగి ఇల్లు చేరేసరికి మళ్లీ రాత్రి. దారిలో కల్లు దుకాణం దగ్గర ఆగుతాడు, ఇంటికొచ్చి ఎడ్ల కొట్టంలోనే పడిపోతాడు. మర్నాడు తోటలో నీళ్లు, కోత, సాయంత్రం మళ్లీ బండి. మధ్యలో బీడీ ఆరదు.

"మరి ఇంట్ల ఎప్పుడుంటడు?" అని లోపలి నుంచి అడిగాను.

"ఇంటి దగ్గర ఎప్పుడుంటవయ్యా, రాత్రిపూట?"

"సోమారం ఉంట సాబ్. అమాస నాడు ఉంట. శివుని దినం గద, ఎడ్లను కట్టం."

నేను బల్ల మీదున్న పిల్ల వైపు తిరిగాను. "సోమారం నువ్వెక్కడ పండుకుంటవ్?"

"అత్త పక్కన, దేవుని అర్రల. ఒక్కపొద్దు ఉన్ననాడు ఆయన దిక్కు చూడనే వద్దన్నది అత్త."

పరదా అవతల కాంపౌండర్ సాబ్ దగ్గు మొదలైంది, అది ఎంతకీ ఆగదు. దగ్గు కాదు, నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఎడ్లు ఆగేదీ శివుడి కోసమే, ఆమె ఉపవాసం ఉండేదీ శివుడి కోసమే. పిల్లల కోసం మొక్కిన మొక్కే ఆ ఇద్దరి మధ్య గోడ కట్టి కూర్చుంది. డాక్టరు టానిక్ ఇచ్చారు, నేను సూదులు వేశాను, అత్త ఉపవాసాలు పెంచింది. ఇద్దరూ ఒకచోట ఉంటున్నారా అని మాలో ఒక్కరమూ అడగలేదు. చదువుకున్న బుద్ధికి అది తట్టలేదు మరి.

ఇప్పుడు ఆ ఉపవాసాలు మానమని ఎట్లా చెప్పాలి? నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్ని. మా ఇంట్లో కూడా ఉపవాస ప్రార్థనలుంటాయి, నాకు వాటి విలువ తెలుసు. కాని సోమవారం ఒక్కపొద్దు వదిలెయ్యమని నేనంటే, నర్సమ్మ మతం మార్చడానికి చూస్తోందని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటారు. నా ఇబ్బంది కాంపౌండర్ సాబ్‌కు అర్థమైంది. పరదా పక్కకు జరిపి భర్తతో ఆయనే అన్నాడు. "చూడు బాబూ, మా రంజాను రోజాల్ల గూడ బీమారున్నోళ్లకు మాఫీ ఉన్నది. మంచిగయినంక ఉంటరు. మీ దేవుడు మాత్రం జర ఆగడా? మొక్కు యాడికి పోదు."

ఆ మాట ఆయనకు నచ్చింది. నేను మిగిలినవి చెప్పాను. ముందు ఆమె తినాలి, అందరితోపాటు కడుపునిండా తినాలి. పప్పు, ఆకుకూర, కుదిరితే గుడ్డు, పాలు. ఆయన కల్లు తగ్గించాలి, బీడీ మానాలి. కొట్టంలో పడుకోవడం మానాలి. ఈ ఆఖరిది చెప్పడానికి మళ్లీ పరదా వేయవలసి వచ్చింది.

"బండి బందయ్యె గద, నర్సమ్మ. ఇగ యాడికి పోత?" అన్నాడు పరదా అవతలి నుంచి. దిగులుగానే అన్నాడు, కూరగాయలు కుళ్లిపోతున్నాయి పాపం.

నిజం చెప్పాలంటే నేను చెప్పినదాంట్లో సగం ఆ బందే చేసింది. మార్కెట్టు లేక టమాటాలు, బెండకాయలు, పాలకూర ఇంట్లోనే మిగిలాయి. పారెయ్యలేక అత్తే కుండల నిండా వండింది. తినడానికి మనుషులు చాలక కోడలికి కూడా ఎక్కువే పెట్టింది. రోడ్లు మూసుకోవడంతో దారిలో కల్లు దుకాణం మజిలీ పోయింది. ఎడ్లు కొట్టంలో, ఆయన ఇంట్లో. కొడుకు ఇంటిపట్టున ఉన్నాడన్న సంతోషంలో కోడలి ఉపవాసాలు ఆగిన సంగతి అత్త పెద్దగా పట్టించుకోలేదు. కోడలు కళ్లు తిరిగి పడేసరికి ఆమె కూడా జడిసినట్టుంది.

వేసవి చివరికి ఆ పిల్ల మొహంలో నెత్తురు కనిపించింది. నెలసరి నెల నెలా సరిగ్గా రావడం మొదలైంది. ఒకసారి అటు వెళ్లినప్పుడు చూశాను, మొగుడూ పెళ్లాలు తోటలో కలుపు తీస్తూ ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు. నన్ను చూసి ఆమె కొంగు సర్దుకుంది. నేను చూడనట్టే నడిచిపోయాను.

తొలి వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున్నే భర్త ఖాళీ బండి తోలుకుని వచ్చాడు. మనిషి మొహంలో కత్తివాటుకు చుక్క నెత్తురు లేదు.

"అవ్వ రేపు ఆలూరు పోతున్నది నర్సమ్మ, మాట ఇచ్చొస్తదట. గామెకేమో నెల తప్పింది. అవ్వకు చెప్తె నమ్ముతలేదు. గిట్లనే రెండుమాట్ల అయ్యిందంటది. నువ్వొచ్చి చెప్పు."

కాంపౌండర్ సాబ్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "కడుపే అని చెప్పేయ్ నర్సమ్మ. ఒక్క అబద్ధంతోని ఆ పిల్ల సంసారం నిలుస్తది."

ఆ మాట నా మనసులో కూడా మెదిలింది, దాచను. కాని నేను అబద్ధం చెప్పి, మూడోసారి కూడా అది నిలవకపోతే? అప్పుడు ఆ పిల్లను ఎవరూ కాపాడలేరు. దవాఖాన మాట మళ్లీ ఎవరూ నమ్మరు. నిజం చెప్పాలంటే నాకే నిజం తెలియదు. ఇప్పటిలాగా ఇంట్లోనే చూసుకునే పరీక్షలు అప్పుడెక్కడివి? డాక్టరు లేరు, పట్నం దారి లేదు. దారి పొడుగునా బండిలో ప్రార్థన చేసుకుంటూనే వెళ్లాను.

ఇంట్లో అత్త మూట కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. నేను లోపల ఆ పిల్లను చూశాను. లక్షణాలు ఉన్నట్టే ఉన్నాయి. కాని రోజులు చాలవు, చేతికి తెలిసేంత కాలేదు. ఆమె నా ముంజేయి పట్టుకుంది. ఆ చేయి విడిపించుకుని బయటికి రావడం నా ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

"ఉన్నదా లేదా? ఒక్కటే మాట చెప్పు" అంది అత్త.

"ఉన్నట్టే కొడుతున్నది, అవ్వా. గాని ఖాయం అని చెప్పలేను. జర ఆగాలె."

"పోయినపాలి గూడ గట్లనే అంటిరి. నేను ఎన్నేండ్లు ఆగాలె? ఒక్కపొద్దులన్న ఉంటుండె, అవి గూడ ఇడిపిచ్చిండ్రు. నాకు నా కొడుకునిచ్చింది సోమారాలే. పెండ్లయిన ఎన్నేండ్లకో పుట్టిండు వాడు, సోమారాలు ఉండంగ ఉండంగ."

ఆ మాట దగ్గర నాకు ఎక్కడో తట్టింది. "అప్పుడు మీ ఆయన గూడ బండి తోలెటోడా, అవ్వా?"

"తోలెటోడు. ఇంటి మొకమే సూడకపోతుండె, బండి బండే. ఆ ఏడు మాత్రం ఎద్దు కుమ్మి కాలిరిగింది. మంచంల పడ్డడు. నెలల కొద్ది ఇంట్లనే..."

ఆమె ఆగిపోయింది. వాకిట్లో బండి దగ్గర నిలబడ్డ కొడుకును చూసింది, నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె ఆ రెండిటినీ కలిపి చూడలేదని తెలుస్తూనే ఉంది.

"అయితే సోమారాలు కాదంటవా?" అంది చివరికి. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. తన దేవుణ్ణి ఎక్కడ లాక్కుంటానో అని.

"దేవుడియ్యలేదని నేనంటలేను, అవ్వా. గాని దేవుడిచ్చే నాటికి మనిషి ఇంట్ల ఉండాలె గద."

ఆమె నన్ను తేరిపార చూసింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని మూట విప్పింది. "దసరా దాంక చూస్త. గంతే" అంది. మాట వెనక్కి తీసుకోలేదు, వాయిదా వేసింది. నాకు అదే పదివేలు.

వానాకాలంలో రోడ్లు తెరిచారు, మార్కెట్టు మొదలైంది. కొడుకు బండి కట్టబోతే ఆమె వచ్చి పగ్గాలు లాక్కుందని తర్వాత విన్నాను. వరసలో చుట్టాల బండ్లు ఉన్నాయి కాబట్టి భయం లేదని, ఆమే గంపల మధ్య ఎక్కి కూర్చుని పట్నం వెళ్లిందట. బేరంలో కొడుకు కంటే గట్టిదని మార్కెట్టంతా చెప్పుకున్నారని కాంపౌండర్ సాబ్ ముచ్చటగా చెప్పేవాడు.

డాక్టరుగారు తిరిగొచ్చారు. జీపు దిగగానే ఊరివాళ్లు ఆయనకు మొక్కజొన్న కంకులు తెచ్చి ఇచ్చారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. దసరా దగ్గర పడుతుండగా అత్తాకోడళ్లు వచ్చారు, ఈసారి ముందు తలుపు నుంచి. భర్త బయట బండి దగ్గర ఆగిపోయాడు.

డాక్టరుగారు బిడ్డ గుండె చప్పుడు వినే చెక్క గొట్టాన్ని కోడలి కడుపు మీద ఆనించి, చెవి పెట్టి చాలాసేపు విన్నారు. ఆయన మొహంలో ఏమీ తెలియదు, ఎప్పుడూ అంతే. తర్వాత ఆయన తల ఎత్తి, "ఈవిడనే వినమనండి నర్సుగారూ" అని అత్తకు చోటిచ్చారు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని గొట్టానికి చెవి పెట్టింది. మొదట ఏమీ వినపడలేదన్నట్టు చేయి ఊపింది. నేను గొట్టం కొంచెం జరిపాను. అప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది. చాలాసేపు లేవలేదు.

లేచాక కోడలి వైపు చూడకుండా, గోడకు చెబుతున్నట్టు అంది. "ఆలూరోళ్లకు కబురు పంపుత. వాళ్ల పిల్లకు వేరే సంబంధం సూసుకొమ్మంట. మా ఇంట్ల కోడలున్నది."

ఇన్నేళ్లుగా మా ముందు ఒక్క ప్రశ్నకు కూడా తానుగా జవాబు చెప్పని ఆ పిల్ల బల్ల మీద మోచేయి ఆనించి లేచి కూర్చుంది.

"అత్తా, ఆ మాట ఇంకొక్కపాలి చెప్పు" అంది.

అత్త మళ్లీ చెప్పింది. ఈసారి బయట బండి దగ్గరున్న కొడుకుకు కూడా వినపడేటట్టు చెప్పింది.